చదివినట్టు భావించడమైనది

1. సోమవారం

ఇది సభ రికార్డు కాదు, నా సొంత పుస్తకం. సభ రికార్డులో ఉండేది నా గొంతే, నా మాటలు కావు. ఇరవై రెండేళ్ళుగా ఎగువపట్నం శాసనసభలో పఠనాధికారిని. ఎవరో రాసిన కాగితాన్ని సభ్యుల ముందు నిలబడి గట్టిగా చదవడమే నా ఉద్యోగం. పొద్దున్నే లేచి గోరువెచ్చటి నీళ్ళతో పుక్కిలించి, అరగంట సాధన చేసి, తాడు మీద వేలాడుతూ ఊళ్ళోకి వెళ్ళే తాడుబండి ఎక్కుతాను. ఇంటికి రోజుకు రెండు డబ్బాల నీళ్ళే ఇచ్చే ఊళ్ళో పుక్కిలించడానికని అదనంగా ఒక చెంబు ఇచ్చేది నాకొక్కదానికే. ఆ చెంబు వంక మా పక్కింటావిడ చూసే చూపు రోజూ చూస్తూనే ఉన్నాను.

ఈ చదువుడంతా గొంతు చట్టం పుణ్యం. మా అమ్మ రోజుల్లో యంత్రాలు ఎవరి మొహాన్నైనా, ఎవరి సంతకాన్నైనా పుట్టించేవట. జరగని దాడులు చూపించి, ఉన్న ఊళ్ళను తగలబెట్టించారట. ఇక లాభం లేదని చట్టం చేశారు. బతికున్న మనిషి, బతికున్న మనుషుల ముందు, ఒకే గదిలో పలికిందే చెల్లుతుంది. కాగితం చెల్లదు, బొమ్మ చెల్లదు.

ఈ రోజు ఆయుధ విక్రయ పరిశీలన సంఘానికి ఒక నోటీసు వచ్చింది. శంఖద్వీపం ప్రభుత్వానికి ఆరు వందల తూనీగలు అమ్ముతామని ప్రభుత్వం అంటోంది. తూనీగ అంటే అరచేయంత ఎగిరే యంత్రం. గుంపు మీదికి వెళ్ళి హోరు పెడుతుంది. విన్నవాడు పరిగెత్తక తప్పదు. నోటీసు నాలుగు వాక్యాలు, దాని వెనక అనుబంధం నాలుగు వందల పన్నెండు పేజీలు.

సంఘంలో ఏడుగురు సభ్యులు. చదవడం పూర్తయిన దగ్గర్నుంచి గడువు మొదలవుతుంది. పరాయి దేశానికి అమ్మేటట్టయితే ముప్పై రోజులు, శంఖద్వీపం లాంటి మిత్రదేశానికైతే ఐదు రోజులు. ఆలోగా నలుగురు అభ్యంతరం పలకకపోతే ఒప్పుకున్నట్టే. స్నేహితుడికి అమ్మేటప్పుడు తొందరగా కళ్ళు మూసుకోవాలన్నమాట. ఈ ఐదు రోజుల ముక్క ఎవరు రాశారో కనబడితే నిలదీద్దును.

రెండేళ్ళ క్రితం ఇదే దేశానికి నాలుగు వందల తూనీగలు అమ్మారు. అప్పుడు కూడా ఇంత లావు అనుబంధం ఉండింది. నేను తెరవలేదు. అలవాటు అలాంటిది. అధ్యక్షుడు గంట కొట్టి, "అనుబంధం చదివినట్టు భావించడమైనది" అంటారు. గంట మోత ఆగేలోపు ఒక్క సభ్యుడు "చదవాలి" అంటే చదివి తీరాలి. ఇరవై రెండేళ్ళలో ఒక్కరూ అనలేదు. నేను సంతకం పెట్టి క్యాంటీన్‌కి వెళ్ళిపోతాను.

మధ్యాహ్నం నా చెల్లెలు హైమ దగ్గర్నుంచి కబురు వచ్చింది. శంఖద్వీపంలో ఉప్పరేవు ఆసుపత్రిలో నర్సు. సముద్రం మీదుగా అక్షరాలు మాత్రమే వస్తాయి.

"అక్కా, నీళ్ళ కర్మాగారం వాళ్ళు ఎనిమిది గంటల పని కోసం సమ్మె చేస్తున్నారు. దెబ్బలు తగిలినవాళ్ళని మా దగ్గరికి తెచ్చారు. వాళ్ళ ఇంటివాళ్ళు ఆవరణలో కూర్చున్నారు. శుక్రవారం పోలీసులు బయట గేటు వేసేసి తూనీగల్ని లోపలికి వదిలారు. వాటి పొట్ట మీద మన అక్షరాలున్నాయి. అవి ఏం చేస్తాయో నువ్వు చదివే ఉంటావు కదా. ఎలా ఊరుకున్నావు?"

చదవలేదని రాశాను. చదివినట్టు సంతకం మాత్రం పెట్టానని కూడా రాశాను. దాచి ఏం లాభం? తర్వాత ఒకటే ముక్క వచ్చింది. "సరే, ఇప్పుడేం చేద్దాం?"

ఆ కబురు పట్టుకుని అధ్యక్షుడు చక్రధర్ గారి గదికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు. అదే చిరాకు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు.

"తాయారు గారూ, అక్షరాలు సాక్ష్యం కావని నాకంటే మీకే బాగా తెలుసు" అన్నారు.

"మనిషే వచ్చి చెబితే?"

"వస్తే వింటాం. మీ చెల్లెలు రావాలంటే పడవలో తొమ్మిది రోజులు. బుధవారం మనం అనుబంధం అయిందనిపిస్తే సోమవారానికి గడువు పూర్తవుతుంది. ఇంకోటి. మనం తాగే నీళ్ళు ఆ దీవి నుంచి వస్తున్నాయి. ఆ సంగతి కూడా కాస్త గుర్తుపెట్టుకోండి."

నా ఒళ్ళు మండిపోయింది. అయినా "చిత్తం" అని బయటికి వచ్చాను. అలా వచ్చినందుకు ఇంటికి చేరేదాకా నన్ను నేను తిట్టుకున్నాను.

2. మంగళవారం

హైమ పొద్దున పడవ ఎక్కానని కబురు పెట్టింది. వచ్చే గురువారానికి చేరుతుంది. పడవలోంచి కబుర్లు పంపడం కుదరదు.

ఇక మిగిలింది ఒకటే దారి. అనుబంధం మొత్తం చదివితే నాలుగు రోజులు పడుతుంది. రేపు మొదలుపెడితే శనివారానికి అవుతుంది. అక్కణ్నుంచి ఐదు రోజులంటే సరిగ్గా గురువారం. కానీ "చదవాలి" అనే హక్కు నాకు లేదు. సభ్యుల్లో ఎవరో ఒకరు అనాలి.

సెలవు పెట్టి రేవుకి వెళ్ళాను. రేవు నియోజకవర్గం సభ్యురాలు బంగారమ్మ. సంఘంలో చేరి మూడేళ్ళయినా నోరు తెరవలేదు. మొదటి రోజు ఆవిడ "నానేటంతానంటే" అని మొదలుపెట్టగానే ఇద్దరు ముసిముసిగా నవ్వారు. అప్పటినుంచి మాట్లాడలేదు. ఆ నవ్విన ఇద్దరికీ నేను ఇప్పటికీ నమస్కారం పెట్టను.

ఆవిడ తేలే ఇంటి ముందు వల బాగుచేస్తోంది. చెప్పిందంతా వింది, వల మీంచి తల ఎత్తకుండా.

"ఆసుపత్రి మీదేటి?"

"ఆసుపత్రి ఆవరణలోనమ్మా. గేటు మూసి."

"గేటు మూసేత్తే మరి ఎటు పారిపోతారు జనాలు?"

ఆవిడ కాసేపు దారం కొరుక్కుంటూ కూర్చుంది.

"నీళ్ళు ఆపేత్తే మా రేవోళ్ళు నన్ను బతకనివ్వరు తల్లీ. ఆ సంగతి తెలుసా నీకు?"

"తెలుసు."

"నాను సదవమంటే సదువుతావా? మొత్తం? మజ్జిలో వొగ్గేసి పోతే నాను నవ్వులపాలవుతాను."

"చివరి అక్షరం దాకా చదువుతాను."

"అయితే ఎల్లు. గొంతు సూసుకో."

3. బుధవారం

చక్రధర్ గారు గంట కొట్టారు. "అనుబంధం చదివినట్టు భావించడమైనది."

ఆయన అప్పటికే తర్వాతి ఫైలు తీసుకుంటున్నారు. గంట ఇంకా మోగుతోంది. నేను బంగారమ్మ వైపు చూడకుండా బల్ల వైపు చూస్తూ నిలబడ్డాను. చూస్తే ఆవిడకి భయమేస్తుందేమోనని నాకు భయం.

"సదవాల" అంది బంగారమ్మ.

ఏదో తప్పు మాట విన్నట్టు అందరూ అటు తిరిగారు. ఎదురుగా కూర్చున్న అమ్మకాల శాఖ అధికారి నిఖిలేశ్ మొహం చూడాల్సిందే. ఆ అనుబంధం ఆయన ఆఫీసులో తయారైంది. అందులో ఏముందో ఆయనకి కూడా తెలియదని ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది. ఎవరూ చదవరని తెలిస్తే ఎవరు మాత్రం చూసి పెడతారు?

"అమ్మా, నాలుగు వందల పన్నెండు పేజీలు" అన్నారు చక్రధర్ గారు నెమ్మదిగా.

"పఠనాధికారి గారికి కళ్ళజోడుంది కదండీ" అంది బంగారమ్మ.

ఈసారి నవ్వినవాళ్ళు వేరే.

పదకొండింటికి మొదలుపెట్టాను. సాయంత్రానికి తొంభై ఆరు పేజీలయ్యాయి. రెక్కల కొలతలు, పెట్టెల కొలతలు, పెట్టెలకు వేసే రంగు. వెనక వరసలో రిటైర్డ్ లెక్చరర్ నరహరి గారు గురక పెట్టారు. సభ్యులు ఏడుగురూ వింటూ ఉండాలని నియమం కనుక గురక పెట్టినప్పుడల్లా ఆగాను. పక్కవాళ్ళు ఆయన్ని తట్టి లేపారు.

4. శుక్రవారం

నిన్నా ఈ రోజూ చదువుతూనే ఉన్నాను. మొదలుపెట్టిన గొంతే ముగించాలి, మధ్యలో పోతే మళ్ళీ మొదటి పేజీ నుంచి చదవాలి. ఆ భయంతో నిఖిలేశ్ నాకు స్వయంగా మిరియాల కషాయం తెచ్చి ఇస్తున్నారు. ఆయుధాలమ్మే ఆఫీసు నా గొంతుకి ఇంత సేవ చేస్తుందని ఏనాడూ అనుకోలేదు.

"ఇంకొంచెం పటికబెల్లం వేయించమంటారా మేడమ్?"

"వేయించండి. మీ అనుబంధం చివరి పేజీ వచ్చేదాకా ఓపిక ఉండాలి కదా" అన్నాను. నీళ్ళు నములుతూ వెళ్ళిపోయారు.

భోజనాల దగ్గర బంగారమ్మ చెవిలో చెప్పింది. "గొంతు పోయినట్టు నటించీ. మల్లీ మొదట్నించీ సదవాల. నీ సెల్లికి ఇంకా టైం దొరుకుద్ది."

ఆశ పుట్టలేదంటే అబద్ధం. కానీ ఈ ఊళ్ళో ఇంకా నమ్మకం మిగిలింది మనిషి గొంతు ఒక్కదాని మీదే. దాంతో నేనే అబద్ధం ఆడితే ఇక వాళ్ళకీ నాకూ తేడా ఏముంది? కుదరదన్నాను. ఆవిడ పెదవి విరిచింది.

5. శనివారం

మూడు వందల అరవై ఏడో పేజీ. శీర్షిక "పూర్వ విక్రయ పనితీరు పట్టిక." పాత తూనీగలు ఎంత బాగా పనిచేశాయో అమ్మేవాళ్ళు గొప్పగా చెప్పుకుంటూ జతచేసిన పట్టిక. వాళ్ళంతట వాళ్ళే పెట్టారు.

తేదీ, చోటు, గుంపులో ఎందరు, చెదరడానికి పట్టిన సమయం, మళ్ళీ గుమిగూడినవారు, ఫిర్యాదులు. ముప్పై ఒక్క వరసలు. చేపల బజారు, బస్సు డిపో, ఒక బడి. చివరి వరసకి వచ్చేసరికి నా గొంతు దానంతట అదే నెమ్మదించింది.

"ఉప్పరేవు ఆసుపత్రి ఆవరణ. రెండు వందల పన్నెండు మంది. నాలుగు నిమిషాలు. మళ్ళీ గుమిగూడినవారు లేరు. ఫిర్యాదులు లేవు."

పోయిన వారం శుక్రవారం జరిగింది, సోమవారం నోటీసుకి ఎక్కేసింది. ఆ రెండు రోజుల్లో ఎవరో బుద్ధిమంతుడు కూర్చుని ఆ వరస చేర్చాడు. సెలవు రోజున కూడా పనిచేసి ఉంటాడు. ఆ వరసని మళ్ళీ చదివాను. రెండుసార్లు చదవకూడదని నియమమేమీ లేదు.

నరహరి గారు నిద్రపోవడం లేదు.

"గేటు మూసి ఉందని బంగారమ్మ గారు చెప్పారు. గేటు మూసి ఉంటే ఎటు చెదిరారు?" అని అడిగారు.

నిఖిలేశ్ లేచారు. "పట్టికలో గాయాల ప్రస్తావన లేదండి. ఫిర్యాదులు లేవని స్పష్టంగా ఉంది."

"పట్టిక హాని జరిగిందని చెప్పడం లేదు. హాని జరిగిందని చెప్పే సాక్షి కావాలి" అన్నారు చక్రధర్ గారు. రూలు ప్రకారం ఆయన మాట సబబే. ఆ సబబు చూస్తేనే నాకు మంట.

సాయంత్రం ఐదింటికి నాలుగు వందల పన్నెండో పేజీ ముగిసింది. సంతకం పెట్టాను. ఇన్నేళ్ళలో చదివి పెట్టిన మొదటి సంతకం. గర్వపడదామనుకున్నాను, సిగ్గేసింది.

6. బుధవారం

సోమవారం నుంచి ఇంటికి ఒక్క డబ్బా నీళ్ళే. సముద్రం అడుగు గొట్టంలో మరమ్మతు అని శంఖద్వీపం ప్రకటించింది. ఏ మరమ్మతో అందరికీ తెలుసు. నా పుక్కిలింత చెంబు కూడా ఆపేశారు. ఆపితే ఆపారు.

పక్కింటావిడ మెట్ల మీద పట్టుకుంది. "మీ చదువు మూలానేగా ఇదంతా. మా పసిదానికి స్నానం లేక ఒళ్ళంతా పేలింది. ఎక్కడో ఉన్న వాళ్ళ కోసం మమ్మల్నెందుకండీ చంపుతారు?"

ఆవిణ్ని ఏమనాలి? పసిదాని వీపు చూపించింది, నిజంగానే పేలింది. నా డబ్బాలో సగం వంపి ఇచ్చాను. తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకు కోపం ఆవిడ మీద కాదు. మనకి దాహమేస్తే ఎవరి మీదికి తిరుగుతామో ఆ దీవి వాళ్ళకి తెలుసు, మన ప్రభుత్వానికీ తెలుసు.

బంగారమ్మ ఇంటి ముందు జనం ఖాళీ డబ్బాలు తెచ్చి గుట్ట పోశారట. ఆవిడ వాటి పక్కనే కూర్చుని వల అల్లుకుంటోందట.

7. గురువారం

పడవ పదింటికి రావాల్సింది ఒంటిగంటకి వచ్చింది. సభ మూడింటికి. గట్టు మీద నిలబడి "హైమా" అని పిలిచాను. నావైపు చూడలేదు. చూసుకుని ఎనిమిదేళ్ళయింది కదా, నన్ను పోల్చుకోలేదేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు నవ్వింది.

"అక్కా, నాకు వినబడదు" అంది. పెద్దగా, అరిచినట్టు. "ముందే చెబితే రావొద్దంటావని చెప్పలేదు."

ఆ శుక్రవారం ఆవరణలోకి హైమ కూడా పరిగెత్తిందట, జనాన్ని లోపలికి లాగుదామని. నాలుగు నిమిషాలూ అక్కడే ఉంది.

తాడుబండిలో నేను కాగితం మీద రాస్తూ, అది చదువుతూ వచ్చాం. ఏం రాశానో గుర్తులేదు. "ఫిర్యాదులు లేవు" అన్న గడి ఒకటే బుర్రలో తిరుగుతోంది. సాక్షి ప్రమాణాన్ని చెవులారా విని, తన గొంతుతో తిరిగి పలకాలని చట్టం. ఈ హోరు తగిలినవాడు ఎవడైనా సరే ఇక ఎన్నటికీ సాక్షి కాలేడు. మరి ఫిర్యాదులు ఎక్కణ్నుంచి వస్తాయి? ఇది తెలిసే తయారు చేశారో, తయారయ్యాక తెలిసిందో. ఏదైనా ఒకటే.

మూడింటికి హైమని సాక్షి స్థానంలో నిలబెట్టాను. చక్రధర్ గారు ప్రమాణం చదివారు. హైమ ఆయన పెదాల వంక చూస్తూ నిలబడింది. ఆయన మళ్ళీ చదివారు. హాల్లో అందరికీ అర్థమైంది.

"వినలేని సాక్షి చెల్లదు" అన్నారు. "రాసి చూపించడం కుదరదు. అక్షరాల మీద ప్రమాణం లేదు. ఆమెను దిగమనండి." గంట కొట్టారు.

హైమకి గంట వినబడలేదు. తన వంతు వచ్చిందనుకుంది. మొదలుపెట్టింది.

"నా పేరు భండారు హైమ. ఉప్పరేవు ఆసుపత్రిలో నర్సుని. ఆ రోజు ప్రసూతి వార్డు నాది. మా వార్డు కిటికీలకి అద్దాలు లేవు. ఆవరణ వైపే ఉంటాయి."

చక్రధర్ గారు మళ్ళీ గంట కొట్టారు. "అమ్మా, ఆపండి" అన్నారు. తర్వాత గట్టిగా అన్నారు. హైమ తనకి తెలియకుండానే ఆయన కంటే గట్టిగా మాట్లాడుతోంది.

"ఎనిమిది మంది పసివాళ్ళున్నారు. అందరూ వారం లోపు వాళ్ళే. ఇప్పుడు పక్కన పళ్ళెం పడేసినా ఒక్కరూ ఉలిక్కిపడరు. తల్లులు నమ్మరు. గరిటెతో పళ్ళేల మీద కొడుతూనే ఉంటారు. తల్లులకి కూడా ఆ చప్పుడు వినబడదు. బిడ్డల మొహాలు చూస్తూ కొడతారు. వార్డంతా ఒకటే మోత అని కొత్తగా వచ్చిన డాక్టరు రాసి చూపించాడు. మాకు తెలియదు."

మార్షల్ ముందుకు వచ్చి ఆగిపోయాడు. సాక్షి స్థానంలో ఉన్నవాళ్ళ మీద చెయ్యి వేయకూడదు. నా వంక చూశాడు. హైమ కూడా నన్నే చూస్తోంది. నేను చెయ్యి ఊపితే ఆగిపోయేది. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను.

గంట మోగుతూనే ఉంది. ఆ మోత మీద ఆమె గొంతు. పేర్లు చెప్పింది. ఎనిమిది పేర్లు, ఎనిమిది ఇంటిపేర్లు. అయిపోయాక నమస్కారం పెట్టింది.

"ఇది రికార్డులోకి రాదు" అన్నారు చక్రధర్ గారు.

"సాక్ష్యం కింద రాకపోతే మానె. మేం విన్నాం కదండీ. బతికున్న మనిషే చెప్పింది. మీరు కూడా విన్నారు" అన్నారు నరహరి గారు.

గడువు ముగిసేముందు పఠనాధికారి అడగాల్సిన వాక్యం ఒకటి ఉంది. అడిగాను. "అభ్యంతరం ఉన్నవారు పలకండి."

"ఉంది" అంది బంగారమ్మ. "ఉంది" అన్నారు నరహరి గారు. కాసేపటికి రెండో వరసలోంచి మూడో గొంతు. ఇంకొకరు కావాలి. నేను గడియారం వంక చూడలేదు. నీళ్ళ గురించి వారమంతా అందరికంటే ఎక్కువ గొడవ చేసిన కొండవాగు సభ్యురాలు నా వంక కోపంగా చూసింది.

"ఉంది. రాసుకోండి. ఆ పళ్ళేల సంగతి విన్నాక ఇంటికి ఎలా వెళ్ళమంటారు?" అంది.

8. శుక్రవారం

నిన్న మెట్లు దిగుతుంటే హైమ అడిగింది, దారినపోయేవాళ్ళందరికీ వినబడేలా. "ఏమన్నారు?"

"ఆగింది" అని రాశాను. కళ్ళు తుడుచుకుంది.

"మరి మా మీద ఎగురుతున్న నాలుగు వందలూ?"

అమ్మేముందు అడగడానికి చట్టం ఉంది. అమ్మినదాన్ని వెనక్కి తేవడానికి చట్టంలో ఒక్క వాక్యం లేదు. ఎందుకు లేదో ఎవరూ అడగలేదు, నాతో సహా. అదే రాశాను. చదివి, కాగితం మడిచి నాకే ఇచ్చేసింది.

"రేపటి పడవ ఎన్నింటికి?"

వెళ్ళొద్దని రాశాను. నాలుగుసార్లు రాశాను. చివరిసారి కలం కాగితంలో దిగింది.

"వార్డులో అరవై మంది ఉన్నారక్కా. కట్టు కట్టడానికి చెవులెందుకు? ఆ హోరు ఇంక నన్నేం చేస్తుంది?"

ఈ రోజు ఏడింటికి రేవుకి తీసుకెళ్ళాను. బంగారమ్మ ఎండు చేపల మూట తెచ్చి ఇచ్చింది. పడవ కదిలాక ఉండబట్టలేక "హైమా" అని పిలిచాను. రేవులో ఉన్నవాళ్ళంతా తల తిప్పి చూశారు. అది అటు తిరిగి, మూట సర్దుకుంటూ కూర్చుంది.